వదులు ఎక్కడుంది?

పెనుకొండ కొండరాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. ఆ రాయే ఎండకు పగిలి, వానకు నాని, పొడై ఈ సీమంతా ఎర్రమట్టిగా పరుచుకుంది. రాతిలోని ఫెల్డ్‌స్పార్ కాలక్రమేణా బంకమట్టిగా మారిపోతుంది. ఇనుము తుప్పుపట్టి మట్టికి ఎరుపునిస్తుంది. క్వార్ట్జ్ ఒక్కటే దేనికీ లొంగదు. నీళ్ళకు కరగదు, ఎండకు చెదరదు. ధర్మవరం పక్కన చిత్రావతి ఇసుకలోనూ, హిందూపురం చుట్టుపక్కల పెన్నా, జయమంగళి పాయల్లోనూ మెరిసేది ఎక్కువగా అదే. మట్టిరోడ్డు మీద బండి వెనక లేచే దుమ్ములో కూడా అదే ఉంటుంది. మోస్ కొలబద్ద మీద దాని గట్టితనం 7. మామూలు ఇనుమును గీకేస్తుంది, పదునుపెట్టిన ఉక్కుకు సమఉజ్జీగా నిలుస్తుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండి ముందు చక్రాల దగ్గర అరిగిపోయే భాగాల గురించి మాట్లాడాలంటే ఈ రేణువు దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ ప్రాంతంలో కార్లనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరి కియా ఫ్యాక్టరీ. 2019లో అక్కడినుంచి తొలి సెల్టోస్ బయటికొచ్చింది. మొదట ఏడాదికి 3 లక్షల కార్లు చేయగలిగేలా కట్టిన కర్మాగారం అది. కానీ మన దేశంలో అమ్మే సెల్టోస్‌కు ముందు చక్రాలకే ఇంజన్ శక్తి అందుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలన్నవాళ్ళకు ఇక్కడ ఇంకా ఎక్కువగా మహీంద్రాలే దిక్కు. పాత ఎంఎం 540లు, 2010లో వచ్చిన థార్, 2020 నాటి కొత్త థార్, అక్కడక్కడా ఒక మారుతి జిప్సీ. వాన పడ్డాక వేరుశనగ చేలలోకి దిగాలన్నా, ఎండిన ఏటి ఇసుక దాటాలన్నా ఈ బండ్లే. పనికి తగ్గట్టే వాటి ముందు భాగం కూడా త్వరగా అరుగుతుంది.

ఈ బండ్లన్నిటికీ ముందు అమరిక ఒకేలా ఉండదు. ఎంఎం 540, జిప్సీ, థార్‌లోని డీఐ రకం పాత పద్ధతివి. రెండు చక్రాలనూ కలిపే బిగువైన ఇరుసు, దానిమీద కమాన్ కట్టలు. వాటిలో అరిగేవి కమాన్ కట్టల కొసన ఉండే బుష్షులు, చక్రం తిరిగే చోట ఉండే కింగ్ పిన్ బేరింగులు. 2010 థార్‌లోనే సీఆర్‌డీఈ రకానికి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి. ఒక్కో చక్రాన్ని పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ పట్టుకుంటాయి. స్ప్రింగు స్థానంలో ఛాసిస్ పొడవునా పడుకున్న ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్ని టార్షన్ బార్ అంటారు. చక్రం పైకి లేస్తే ఆ కడ్డీ మెలితిరుగుతుంది, మెలి విప్పుకుంటూ చక్రాన్ని కిందికి నెడుతుంది. 2020 థార్‌లో ఆర్ములు అలాగే ఉన్నాయి, కడ్డీ పోయి కాయిల్ స్ప్రింగు వచ్చింది. ఇంటి దగ్గర పని చేసుకునేవాడికి ఈ చివరి తేడా చాలా ముఖ్యం. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆర్ముల బయటి కొసల్లో బాల్ జాయింట్లు ఉంటాయి. చక్రం పైకీ కిందికీ ఆడాలి, అదే సమయంలో స్టీరింగుకు పక్కకూ తిరగాలి. ఆ రెండు కదలికలనూ ఒకేచోట ఇవ్వగలిగేది గుండ్రటి తల ఒక్కటే. గట్టి ఉక్కు గుండు, దాన్ని కౌగిలించుకున్న ప్లాస్టిక్ గిన్నె, మధ్యలో గ్రీజు, పైన రబ్బరు తొడుగు. టార్షన్ బార్ కింది ఆర్మ్‌ను పట్టుకునే బండిలో ఆ మూల పడే నాలుగైదు క్వింటాళ్ళ బరువంతా కింది బాల్ జాయింటే మోస్తుంది. గుంతలో పడ్డప్పుడు ఆ భారం రెండింతలు దాటుతుంది. పై జాయింట్ పని చక్రం నిలువుగా ఉండేలా పట్టుకోవడం వరకే. అందుకే కిందిది ముందు పోతుంది.

అది చావడం మొదలయ్యేది రబ్బరు తొడుగు చిరిగిన రోజున. కంటికి కనపడని చీలికలోంచి నీళ్ళతోపాటు దుమ్ము లోపలికి వెళ్తుంది. అక్కడ జరిగేది కాస్త వింతగా ఉంటుంది. క్వార్ట్జ్ రేణువు మెత్తటి ప్లాస్టిక్ గిన్నెలో దిగబడిపోతుంది, అక్కడే ఉండి తిరిగే ఉక్కు గుండును గీకుతుంది. అంటే గట్టిది మెత్తదాన్ని అరగదీయడానికి బదులు, మెత్తది రేణువును పట్టుకుని గట్టిదాన్ని అరగదీస్తుంది. ఇసుక కలిసిన గ్రీజు నలుపు వదిలి ఇటుకరంగుకు తిరుగుతుంది. పాత జీపుల్లో గ్రీజు నిపుళ్ళు ఉండేవి. గన్ను పెట్టి కొత్త గ్రీజు కొడితే మురికిది బయటికి వచ్చేది. ఇప్పటి జాయింట్లు చాలావరకు మూసేసినవే. జీవితాంతం గ్రీజు అక్కర్లేదంటారు. ఎవరి జీవితమో మాత్రం చెప్పరు.

ఆర్ముల లోపలి కొసల్లో, ఛాసిస్‌కు తగిలించే చోట, రబ్బరు బుష్షులుంటాయి. వీటిని దుమ్ము పెద్దగా ఏమీ చేయదు. వీటి శత్రువు గాలిలోనే ఉంది. పొగగొట్టాల్లోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్ల మీద ఎండ పడితే నేల దగ్గర ఓజోన్ పుడుతుంది. సహజ రబ్బరు అణుహారాల్లోని జంట బంధాలను ఓజోన్ తెంపేస్తుంది. దానికి లీలగా ఉన్నా చాలు, వాసన కూడా తెలియనక్కర్లేదు. అయితే ఒక షరతు ఉంది. రబ్బరు సాగి ఉన్నచోటే ఆ తెంపు పగులుగా తెరుచుకుంటుంది. సాగకుండా ఊరకున్న రబ్బరు మీద ఓజోన్ పై పొరతో సరిపెట్టుకుంటుంది. ఈ షరతును గుర్తుంచుకోండి, బోల్టు బిగించే వేళకు మళ్ళీ కావాలి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే పాత అనంతపురం జిల్లాలో ఎండకు కొరత లేదు కాబట్టి ఇక్కడ బుష్షులు బిరుసెక్కి పగలడంలో ఆశ్చర్యమేమీ లేదు.

రబ్బరును మనం కూడా చంపుతాం. సర్వీసింగుకు తీసుకెళ్తే బండి కడిగి, చివర్లో అడుగుభాగమంతా డీజిల్ చల్లుతారు. తుప్పు పట్టదనీ, చప్పుళ్ళు పోతాయనీ నమ్మకం. రెండు రోజులు చప్పుడు తగ్గే మాట నిజమే. కానీ పెట్రోలియం నూనెలను సహజ రబ్బరు పీల్చుకుంటుంది. ఉబ్బి, మెత్తబడి, లోపలి ఉక్కు గొట్టాన్ని వదిలేస్తుంది. ఓజోన్‌ను ఆపడానికి రబ్బరులో కలిపిన మైనం కూడా పైనుంచి కడుక్కుపోతుంది. డీజిల్ చల్లొద్దని చెప్పడానికి ఒక్క పైసా ఖర్చు లేదు. ఈ వ్యాసంలో ఇంకేమీ పాటించకపోయినా ఇది పాటించండి.

ఇక అసలు ప్రశ్న. స్పీడ్ బ్రేకర్ మీద ముందు ‘టక్’ మంటోంది. షెడ్డుకు తీసుకెళ్తే ఎక్కువసార్లు వినపడే మాట ఒకటే: “బుష్షులు, జాయింట్లు అన్నీ పోయినాయి సార్, మొత్తం కిట్టు మార్చేద్దాం.” కావచ్చు. కానీ చూడకుండా చెప్పిన మాట అది. అరిగిన భాగాన్ని మార్చడం కన్నా అరిగినదేదో కనిపెట్టడమే కష్టమైన పని, శాస్త్రమంతా అక్కడే ఉంది. ఇంటి దగ్గర చేసుకునేవాడికి దొరికే పెద్ద లాభం డబ్బు ఆదా అనుకుంటారు. నా లెక్కలో అది తీరిక. వదులు ఎక్కడుందో వెతకడానికి షెడ్డులో ఎవరికీ అంత సమయం ఉండదు.

వెతకడంలో మొదటి మెలకువ జాకీ ఎక్కడ పెట్టాలన్నది. ఛాసిస్ కింద జాకీ పెట్టి లేపితే చక్రం వేలాడుతుంది కానీ టార్షన్ బార్ కింది ఆర్మ్‌ను ఇంకా బలంగా కిందికి నెడుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి అరిగిన బాల్ జాయింట్ కూడా బిగుసుకుపోయి బాగున్నట్టే కనిపిస్తుంది. జాకీని కింది ఆర్మ్ కింద, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గర పెట్టి లేపితే స్ప్రింగు బలం జాకీ మీదికి పోతుంది, జాయింట్‌కు విడుదల దొరుకుతుంది. అప్పుడు టైరు కింద గడ్డపార పెట్టి మెల్లగా ఎత్తి చూస్తే వదులు బయటపడుతుంది. జాకీ చోటు తప్పి పెట్టిన పరీక్షలో జాయింట్ పాసయ్యి, అనవసరంగా షాకప్‌లు మార్చుకున్న బండ్లు ఎన్నో.

తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆడిందంటే అది చక్రం బేరింగైనా కావాలి, బాల్ జాయింటైనా కావాలి. రెండింటినీ వేరుచేయడానికి ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కించండి. బ్రేకు తొక్కితే డిస్కూ, చక్రాన్ని మోసే నకులూ ఒకటవుతాయి, బేరింగు వదులు మాయమవుతుంది. అప్పటికీ ఆడుతుంటే తప్పు బాల్ జాయింట్‌దే. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే తెలిసేది స్టీరింగు వైపు సంగతి, ముఖ్యంగా స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లు. ఊపేటప్పుడు టైరును చూడకండి. ఒక చేతి వేళ్ళు జాయింట్ మీద ఆనించి ఉంచండి. జాయింట్ దగ్గర 1 మిల్లీమీటరు వదులు టైరు అంచు దగ్గర రెండింతలై కనిపిస్తుంది కాబట్టి కన్ను భయపెడుతుంది, వేలు మాత్రం చోటు చూపిస్తుంది. బుష్షుల దగ్గర ఊపడం దండగ. గడ్డపార కొన ఆర్మ్‌కూ ఛాసిస్‌కూ మధ్య పెట్టి కొంచెం తిప్పితే పగులు నోరు తెరుస్తుంది.

షాకప్‌ల సంగతి క్లుప్తంగా. బంపరు మీద చేతులు పెట్టి నొక్కి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పరీక్ష చిన్న కార్లకు సరే. ఇలాంటి బరువు బండి ముందుభాగం మనిషి బలానికి సరిగా కదలదు. షాకప్ ఒంటి మీద నూనె కారిందా, టైరు మీద అక్కడక్కడా చెంచాతో తీసినట్టు గుంటలు పడ్డాయా అని చూడండి, చాలు.

కమాన్ కట్టల బండ్లలో ఇంకో జబ్బు ఉంది. ఒకానొక వేగం దగ్గర, చిన్న గుంత తగలగానే స్టీరింగు రెండు వైపులా పిచ్చిగా కొట్టుకుంటుంది. బండి ఆపేదాకా ఆగదు. చక్రం పక్కకు తిరిగినప్పుడు పుట్టే బలం దాన్ని వెనక్కి తెస్తుంది, వదులు ఉన్నందువల్ల అది మధ్యలో ఆగక అవతలికి దాటిపోతుంది, ఒక్కో ఊపుకు బండి వేగమే శక్తిని అందిస్తుంది. చాలామంది దీనికి ఊపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ మార్చి ఊరుకుంటారు. కొన్నాళ్ళు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. కింగ్ పిన్ బేరింగుల బిగింపు, కమాన్ బుష్షులు, టై రాడ్ ఎండ్లు చూడకుండా డ్యాంపర్ మార్చడం జ్వరం ఉండగా థర్మామీటర్ మార్చడమే.

జబ్బు తెలిసింది. ఇప్పుడు ఇంటి దగ్గర ఏది ముట్టుకోవచ్చు? టై రాడ్ ఎండ్లు, బండి పక్కకు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్ లింకులు, బోల్టులతో బిగించే బాల్ జాయింట్లు, విడిగా ఉండే షాకప్‌లు మార్చుకోవచ్చు. ఆర్మ్‌లోకి ప్రెస్సు పెట్టి దింపే బుష్షులకు ఆర్మ్ విప్పి హిందూపురం లేత్ షాపుకు తీసుకెళ్ళడమే మేలు. సుత్తితో దింపితే బుష్షు బయటి గొట్టం అండాకారమవుతుంది. కాయిల్ స్ప్రింగు ఉన్న షాకప్‌ను మాత్రం విప్పవద్దు. లెక్క చూడండి. మిల్లీమీటరుకు 40 న్యూటన్ల గట్టిదనమున్న స్ప్రింగు 10 సెంటీమీటర్లు నొక్కుకుని ఉందనుకుంటే దానిలో దాగిన శక్తి 200 జౌళ్ళు. 20 కిలోల రాయి మీటరు ఎత్తునుంచి పడితే ఎంతో అంత. పై నట్టు ఊడిన క్షణంలో అదంతా ఎదురుగా ఉన్న ముఖం మీదికే వస్తుంది.

టార్షన్ బార్‌లోనూ అంతే శక్తి ఉంటుంది, కానీ దాన్ని మెల్లగా విడిపించే దారి ఉంది. కడ్డీ వెనక కొసన సర్దుబాటు బోల్టు ఉంటుంది. విప్పకముందు బోల్టు పైకి ఎన్ని మిల్లీమీటర్లు కనిపిస్తోందో కొలిచి గోడమీదైనా రాసుకోండి. చక్రం వేలాడుతుండగా ఆ బోల్టు వదులు చేస్తే కడ్డీ మెలి చాలావరకు విప్పుకుంటుంది. ఆ తర్వాతే కింది ఆర్మ్ జోలికి పోవాలి. కడ్డీలు పూర్తిగా తీస్తే కుడిదానికీ ఎడమదానికీ గుర్తు పెట్టండి, మార్చి వేయకూడదు. తయారీలోనే ఒక్కోదాన్ని ఒక్కో వైపు మెలికి అలవాటు చేసి పంపుతారు.

పని మొదలుపెట్టే నేల గురించి ఒక మాట. మా వైపు ఇళ్ళ ముందు పరిచేవి ఎక్కువగా తాడిపత్రి నాపరాళ్ళు. మనుషులు నడవడానికి బాగుంటాయి కానీ, అడుగున మట్టి కూరుకుపోయి ఖాళీ ఉన్న బండ మీద జాకీ పెడితే ఫట్‌మని పగులుతుంది. జాకీ కిందా స్టాండ్ల కిందా దళసరి చెక్క వేసి బరువును పంచండి. చక్రం నట్లు నేలమీద ఉండగానే వదులు చేయాలి, వెనక చక్రాలకు రెండువైపులా రాళ్ళు అడ్డుపెట్టాలి. బండి స్టాండ్ల మీద ఆనాకే కిందికి దూరాలి. హైడ్రాలిక్ జాకీని నిలబెట్టేది ఒక రబ్బరు సీలు, అది ఎప్పుడు వదిలేస్తుందో దానికే తెలియదు. ముందు రెండు చక్రాలూ కలిపి లేపండి. ఒకవైపే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి లింకు బోల్టు రాకుండా మొండికేస్తుంది, వచ్చినప్పుడు ఎగిరి వస్తుంది.

విప్పడంలో అందరూ ఆగిపోయే చోటు టేపరు. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్ కాడలు చివరికి సన్నబడుతూ ఉంటాయి, అదే వాలున్న రంధ్రంలో కూర్చుంటాయి. నట్టు లాగుతున్నకొద్దీ కాడ లోపలికి ఇరుక్కుని గోడల మీద విపరీతమైన ఒత్తిడి పుడుతుంది. వాలు చాలా తక్కువ కాబట్టి నట్టు తీసేసినా రాపిడే దాన్ని పట్టుకుని ఉంటుంది. కాడ కొసమీద కింది నుంచి సుత్తితో కొడితే మర చెడిపోవడం తప్ప ఏమీ జరగదు. కొట్టాల్సింది రంధ్రం ఉన్న నకుల్ పక్కలను. ఒకవైపు బరువైన సుత్తి ఆనించి, ఎదురువైపు ఇంకో సుత్తితో గట్టిగా ఒక దెబ్బ. ఆ దెబ్బకు రంధ్రం లిప్తకాలం అండాకారమై పట్టు వదులుతుంది. నట్టును నాలుగు మరల మీద వదిలేసి కొట్టండి. లేకపోతే ఊడిన క్షణంలో ఆర్మ్ కాళ్ళమీదికి దిగుతుంది. రెండు పళ్ళ ఫోర్కు దూర్చి ఊడదీసే పద్ధతి కూడా ఉంది. పారేయబోయే జాయింట్‌కు అది చాలు, మళ్ళీ వాడబోయేదానికి వాడితే తొడుగు చిరుగుతుంది.

ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ఇక్కడే ఒక అదనపు జాగ్రత్త. ఇంజన్ శక్తిని ముందు చక్రానికి తెచ్చే షాఫ్టు నకుల్ మధ్యలోంచి వెళ్తుంది. పై జాయింట్ ఊడదీసి నకుల్‌ను బయటికి వాలనిస్తే షాఫ్టు లోపలి కీలు తన గూట్లోంచి జారిపోవచ్చు, దాని తొడుగు చిరగవచ్చు. బ్రేకు గొట్టం కూడా అదే వైపు లాగుతుంటుంది. నకుల్‌ను తాడుతో పైకి కట్టి ఉంచితే రెండూ క్షేమం.

టై రాడ్ ఎండ్ తీసేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి. అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా పోవడానికి ఆ లెక్క చాలు. కొత్త కాడనూ రంధ్రాన్నీ పొడి గుడ్డతో తుడవండి, టేపరుకు గ్రీజు రాయకండి, దాన్ని పట్టుకోవాల్సింది రాపిడే. నట్టును టార్క్ రెంచ్‌తో ఆ బండి మాన్యువల్ చెప్పినంతా బిగించాక స్ప్లిట్ పిన్ రంధ్రం ఎదురుపడకపోతే ఇంకొంచెం ముందుకే బిగించాలి. వెనక్కి వదులు చేసి పిన్ను దూర్చడం అంటే టేపరును సగం విప్పి వదిలినట్టే. జాయింట్లు కొనేటప్పుడు మహీంద్రా డబ్బాలోవో, రానే లాంటి పేరున్నవో తీసుకోండి. హిందూపురంలో దొరకకపోతే బెంగళూరు జేసీ రోడ్డు ఎంతో దూరం కాదు. స్టీరింగు భాగాల్లో చవక వెతకడం నేను ఒప్పుకోను. ఎత్తు పెంచే కిట్లు అమ్మజూపితే అటు పోకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మూలరూపం మార్చడాన్ని ఒప్పుకోదు. అదీగాక ఎత్తు పెరిగినకొద్దీ బాల్ జాయింట్లూ షాఫ్టు కీళ్ళూ ఎప్పుడూ వంగి పనిచేయాల్సి వస్తుంది.

ఆర్మ్ బుష్షుల బోల్టులు చివర్లో బిగించాలి. ఇందాకటి షరతు ఇక్కడ పనికొస్తుంది. బుష్షులో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఛాసిస్‌కు అంటుకుపోతుంది, బయటిది ఆర్మ్‌తోపాటు తిరుగుతుంది. మధ్యలో జారేది ఏదీ లేదు, రబ్బరు మెలితిరిగే కదలికనిస్తుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించారనుకోండి, రబ్బరుకు ఆ వేలాడే స్థితే విశ్రాంతి అవుతుంది. బండి నేలకు దించగానే ఆర్మ్ పైకి లేచి రబ్బరు మెలిపడుతుంది. రాత్రీ పగలూ, బండి షెడ్డులో నిలబెట్టి ఉన్నా, ఆ మెలి అలాగే ఉంటుంది. సాగి ఉన్న రబ్బరు, పక్కన ఓజోన్. పదేళ్ళు రావాల్సిన బుష్షు రెండేళ్ళలో చిరిగితే తప్పు బుష్షు కంపెనీ మీద వేస్తారు. పరిష్కారం సులువు. బోల్టులు చేతి బిగువున పెట్టి, టార్షన్ బార్ బోల్టు పాత కొలతకు తెచ్చి, చక్రాలు వేసి, బండి నేలకు దించి, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ నడిపి, అప్పుడు కిందికి చేయి పోనిచ్చి బిగించాలి. పాలీయురేథేన్ బుష్షులకు ఈ బాధ లేదు, వాటిలో గొట్టం తిరుగుతుంది. కానీ వాటికి గ్రీజు కావాలి, ఎండిపోతే కీచుమంటాయి, రోడ్డు అదురంతా స్టీరింగు దాకా తెస్తాయి. ఇంటి బండికి రబ్బరే మంచిది.

టార్షన్ బార్ బండిలో ఎత్తు రెండువైపులా సమానంగా ఉందో లేదో అలైన్‌మెంట్‌కు ముందే చూడాలి. ఎత్తు మారితే చక్రం వాలు మారుతుంది, తర్వాత సర్దితే షాపులో పెట్టిన డబ్బు వృథా. టో అనే కొలత మాత్రం ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. రెండు ముందు టైర్ల మధ్య దూరాన్ని ముందువైపూ వెనకవైపూ ఇరుసు ఎత్తులో టేపుతో కొలిస్తే తేడాయే టో. 70 సెంటీమీటర్ల వ్యాసమున్న టైర్లకు ఉండాల్సినదానికి 3 మిల్లీమీటర్లు తప్పితే, బండి కిలోమీటరు నడిచేలోపు టైర్లు రెండూ కలిసి 4 మీటర్లకు పైగా అడ్డంగా రాసుకుంటాయి. హిందూపురం నుంచి బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్లు. ఆ దారిలో రబ్బరు 400 మీటర్లకు పైగా పక్కకు ఈడ్చుకుపోయినట్టు లెక్క.

రెండు వారాలు తిరిగాక నట్లన్నీ మళ్ళీ రెంచ్‌తో చూడండి, కొత్త భాగాలు కూర్చుని కొంత సర్దుకుని ఉంటాయి. టైరు మీద అరచేత్తో అడ్డంగా ఒకసారి లోపలికీ ఒకసారి బయటికీ నిమరండి. ఒకవైపు నున్నగా, తిరుగు దిశలో గరుగ్గా తగిలితే టో ఇంకా తప్పింది, అలైన్‌మెంట్ షాపుకు మళ్ళీ వెళ్ళాల్సిందే.